లాభం, రెండు, మూడు

మా కల్లంలో ఒకటి అనరు.
మొదటి కట్ట చేతికి రాగానే
"లాభం" అంటాను.
తర్వాతిది రెండు.
మా నాయన వడ్లు కొలిచినా అంతే,
ఆయన తండ్రి ఇప్పపువ్వు కొలిచినా అంతే.
లాభం ఎవరికని
మాట నోరు దాటేటప్పుడు ఎవడడుగుతాడు?
వాళ్ళు ఆ మొదటిదాన్ని లెక్కలో కలిపేవాళ్ళట.
నేను కలపను.

అంకీస దాటాక, ప్రాణహిత ఎండి
ఇసుక ఎముకల్లా తేలిన మే నెల.
వరుసలు వరుసలుగా తునికాకు
బోర్లా పడుకుని వీపు కాల్చుకుంటోంది.
కట్టకు డెబ్భై ఆకులని బోర్డు మీద ఉంటుంది.
డెబ్భై అయిదు లేకపోతే కట్టను విసిరేస్తాను.
లాభం ఒకటి, ఎండుతరుగు అయిదు,
నూరు కట్టలు తెస్తే పుస్తకంలో తొంభై నాలుగు.
పుస్తకం మరాఠీలో,
లెక్క తెలుగులో,
సేఠు ఫోను హిందీలో,
తిట్టు మాత్రం గోండిలో.
అది నాకు అర్థం కానట్టు ఉంటాను.

తరుగంతా గోందియా సేఠు తింటాడని
ఊరు అనుకుంటుంది.
సేఠు నా దగ్గర కూర్చుని ఏడుస్తాడు:
పగలు జీపులో వచ్చేవాళ్ళకి ఒక కవరు,
రాత్రి నడిచి వచ్చేవాళ్ళకి ఒక సంచి,
ఓట్ల ఏడాదైతే తెల్లచొక్కాలకు ఇంకొకటి.
పగటివాళ్ళు రశీదు ఇవ్వరు.
రాత్రివాళ్ళు ఇస్తారు,
దాన్ని మేమే పొయ్యిలో వేస్తాం.
ఒకరు చట్టం అంటారు, ఒకరు న్యాయం అంటారు,
డెబ్భై అయిదో ఆకు మాత్రం
ఇద్దరికీ ఒకే చెట్టుది.

నాకు మిగిలేది
రెండు నెలల జీతం, ఒక సఫారీ గుడ్డ,
మున్షీగారు అనే పిలుపు.
జీతం వానలకు ముందే అయిపోతుంది.
ఆ "గారు" మాత్రం ఏడాదంతా వస్తుంది.
సంతలో మిరపకాయలు బేరమాడేటప్పుడు కూడా
దాన్ని తీసి పక్కన పెట్టలేను.

మొన్న బుధవారం కుడిమేత తానుబాయి
మూట దించి, పైకట్ట తీసి
తన మోకాలి పక్కన పెట్టుకుంది.
"ఇది లాభం. నాది.
ఇంక లెక్కపెట్టు."

నవ్వాను.
వెనక వరుసలో ఎవరూ నవ్వలేదు.
"రెండు" అన్నాను.
"ఒకటి ఏడవోయింది మున్షీ?"

పాతిక ఎండాకాలాలు లెక్క చెప్పిన నోరు
ఆ మాట కోసం
దవడలన్నీ తడుముకుంది.
ఆమే అందించింది, "ఉండి" అని.
వాళ్ళ భాషలో ఒకటిని ఉండి అంటారు.
మా భాషలో ఉండి అంటే
పోకుండా, ఇక్కడే, చూస్తూ.

"ఉండి" అన్నాను మెల్లగా.
రెండు. మూడు.
నూరు నూరే అయ్యాయి.
తరుగు అడగడానికి నోరు రాలేదు,
పుస్తకంలో ఆ మూడంకెల సంఖ్య
కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చుంది.

ఇక్కడ ఆపేస్తే నేను మంచివాణ్ణి.

తరుగులో ఆరు తగ్గాయి,
సాయంత్రం లారీ దగ్గర సేఠు మనిషి అడుగుతాడు.
ఆమె వెనక నిలబడ్డది దుర్గం లస్మయ్య.
మాట రాదు, వేళ్ళమీద పది దాటి లెక్కా రాదు.
ఆయన రెండు నూర్లలో
పన్నెండు లాగాల్సిన చోట
పద్దెనిమిది లాగాను.
సాయంత్రందాకా కూడా ఆగలేదు.
లాభం అన్నాను, గట్టిగానే అన్నాను,
నాలుక ఈసారి ఏమీ వెతుక్కోలేదు.
లస్మయ్య చీటీని రెండు కళ్ళకూ అద్దుకుని
దండం పెట్టి పోయాడు.

తల ఎత్తితే
తానుబాయి ఇంకా పోలేదు.
మోకాలి పక్కన ఆ ఒక్క కట్ట.
పెదాలు కదులుతున్నాయి గోండిలో.
లెక్కో, తిట్టో,
ఈసారి నిజంగానే
అర్థం కాలేదు.